ముందు దిగిన మేస్త్రీ

పోయిన వారం అంకప్ప మేస్త్రీని గుడియాత్తంలో వాళ్ల వీధి మొగలో, పెట్టె చేత పట్టుకుని వ్యాను దిగుతుండగా వదిలేశాం. కాట్పాడి దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో, మూడో అంతస్తు గదిలో, తలుపు బయట పెట్టిపోయే అన్నం పొట్లాలు తింటూ పద్నాలుగు రోజులు గడిపి వచ్చిన మనిషి. ఇంటికి ఇంకా ఇరవై అడుగులు కూడా లేదు. సరిగ్గా అక్కడే అతని కాళ్లు మొరాయించాయి.

ఎందుకో మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. రెండేళ్ల క్రితం అంకప్ప ఈ వీధినుంచి ఏడుగురిని వెంటేసుకుని మస్కట్‌కు కట్టుబడి పనికి పోయాడు. ఆ ఏడుగురిలో హరి ఉన్నాడు. హరి అంటే అంకప్ప భార్య దేవకికి ఒక్కగానొక్క తమ్ముడు. కరోనా వచ్చి పనులు ఆగాయి. జూన్‌లో ఒక స్లాబు పోయించుకుని, కంపెనీవాళ్లు ఇక మీ దారి మీరు చూసుకోమన్నారు. మనవాళ్లను వెనక్కి తెచ్చే విమానాల్లో సీటు కోసం ఎనిమిది మందీ పేర్లు ఇచ్చారు. సీటు ఒకటే వచ్చింది. ఆ సీట్లో అంకప్ప వచ్చాడు. మిగిలిన ఏడుగురూ ఆ రేకుల షెడ్డులోనే ఉన్నారు.

ఆ సీటు అతనికి ఎట్లా వచ్చిందో వీధిలో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే మనకూ ఇంకా పూర్తిగా తెలియదు. ఆ సంగతి ఈ వారం అతని నోటితోనే వస్తుంది, అదీ నలుగురి ముందు.

అంకప్ప తిట్లకు సిద్ధపడి వచ్చాడు. హాస్టల్ గదిలో పడుకుని, ఏ ఇంటావిడ ఏ తిట్టు తిడుతుందో కూడా ఊహించుకుని ఉన్నాడు. ఆ ఏడుగురిలో ఒకడైన తంగరాజ్ తల్లి పాపాతమ్మ శాపనార్థాలు పెడుతుంది. ఇంకొకావిడ దుమ్మెత్తి పోస్తుంది. పొయ్యనీ, తలవంచుకుని పడతాను అనుకున్నాడు. తిట్టించుకుంటే కొంత బరువైనా తగ్గుతుందని లోపల ఒక ఆశ కూడా ఉంది.

ఆ ముచ్చట తీరలేదు. ఇంటి ముందు ఆడవాళ్లు మాస్కులు కట్టుకుని, మనిషికీ మనిషికీ మధ్య బారెడు ఎడం విడిచి నిలబడి ఉన్నారు. అతను కనపడగానే దేవకి పసుపునీళ్ల పళ్లెంతో ఎదురొచ్చింది. పాపాతమ్మ రెండు చేతులూ ఎత్తి దూరంనుంచే దండం పెట్టింది. అరవై అయిదేళ్ల ముసలామె అతనికి దండం పెట్టింది!

“వచ్చినావా నాయనా! నువ్వు సల్లగుండాల,” అంది. “దేవకి అంతా చెప్పె. పైన ఏడుమంది ఉండేటప్పుడు కింద నిచ్చెన పట్టుకునేదానికి ఒకడు కావాల గదా. అందుకే మేస్త్రీ ముందు దిగినాడంట. నాకు మొదట కోపం వచ్చింది, ఒప్పుకుంటా. దేవకి చెప్పినాక అర్థమయ్యె.”

ఈ మాట అంకప్పకు ఎక్కడ గుచ్చుకుందో తెలియాలంటే వీళ్ల పనిలో ఒక పద్ధతి చెప్పాలి. స్లాబు పోసే రోజు పైనుంచి మేస్త్రీ ఆఖరున దిగుతాడు. తట్ట మోసే ఆఖరి ఆడమనిషి నేలమీద కాలు పెట్టాక గానీ మేస్త్రీ నిచ్చెన మీద కాలు పెట్టడు. ఎవరూ రాసి పెట్టింది కాదు, తాతల నాటినుంచి అట్లా నడుస్తోంది. ముందు దిగిన మేస్త్రీ కింద మరుసటి రోజు ఎవరూ పనికి రారు. అంకప్ప ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. కావేరిపాక్కంలో ఒక రైసు మిల్లుకు స్లాబు పోస్తుంటే పిడుగులతో వాన పట్టుకుంది. అందరినీ దించి, తడి కాంక్రీటు మీద పట్టలు కప్పి, తడిసి ముద్దయి చివరకు దిగాడు. ఆ కథ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేటప్పుడు అతను పక్కనే ఉంటే, వినీ విననట్టు మీసం సర్దుకునేవాడు కూడా.

పోనీ, దేవకి ఈ నిచ్చెన కథ కావాలని అల్లిందా అంటే, అదీ లేదు. హాస్టల్‌నుంచి మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఆమె ఒకే మాట అడిగింది. “నువ్వొక్కడివే ఎట్ల వచ్చినావయ్యా?” అంకప్ప నీళ్లు నమిలాడు. “ఇక్కడ కాయితాల పని చూసేదానికి ఒకరు ఉండాల గదా,” అని నసిగాడు. ఆ నసుగును పట్టుకుని, మొగుడి మీద ఉన్న నమ్మకమంతా దానికి పూసి, ఆమె వీధికి చెప్పుకుంది. అతను కాదనలేదు. పద్నాలుగు రోజులు, రోజుకు రెండు ఫోన్లు, ఒక్కసారైనా కాదనలేదు.

ఆడవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి అరుగు మీది చాటలో ప్లాస్టిక్ కవర్లు పెట్టి వెనక్కి జరిగారు. పాస్‌పోర్టు జిరాక్సులు, ఫోటోలు, ఆధార్ కాగితాలు. ఆరు కవర్లు. “రేపు పొద్దున్నే వేలూరికి పోయి కలెక్టరాఫీసులో ఇస్తాడు,” అని దేవకి తనే మాట ఇచ్చేసింది. ఆమె గొంతులో గర్వం విని అంకప్పకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గేసింది. చిన్నప్పుడు బడిలో దొంగతనం బయటపడినప్పుడు వేసిన సిగ్గు లాంటిది కాదు ఇది. దొంగ సొత్తు ఒంటిమీద ఉండగానే ఊరంతా దండ వేస్తుంటే పుట్టే సిగ్గు.

స్నానం చేసి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. దేవకి సంకటి ముద్ద, మునగాకు పప్పు పెట్టింది. నాలుగు వేళ్లు నోట్లోకి పోలేదు. “విమానంలో ఏం పెట్టినారు?” అని అడిగింది ఆమె, మాట కలపాలని.

“ఒక డబ్బా ఇచ్చినారు. తినలే.”

తినని మాట నిజం. తెల్లటి ప్లాస్టిక్ గౌను, ముఖానికి అద్దపు రేకు కట్టి కూర్చోబెట్టారు. పక్క సీటు ఖాళీ. ఆ సీటు మనిషికి విమానాశ్రయంలో జ్వరం చూపించిందని గేటు దగ్గరే ఆపేశారు. మస్కట్‌నుంచి చెన్నై దాకా ఆ ఖాళీ సీటు అతని పక్కనే కూర్చుని వచ్చింది. కిటికీ వైపు తిరిగి పడుకున్నా అది ఉన్నట్టు తెలుస్తూనే ఉంది. ఇవేవీ అతను దేవకికి చెప్పలేదు.

మధ్యాహ్నం రెండు గంటలు దాటాక ఇందుమతి వచ్చింది.

ఇందుమతి హరి భార్య. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పొద్దున వీధిలో అందరూ ఉన్నప్పుడు ఆమె లేకపోవడం అంకప్ప గమనించాడు. గమనించి, ప్రాణం కొంచెం కుదుటపడింది కూడా. ఇప్పుడు ఆమె మెట్టు కింద నిలబడి ఉంది. ఆమె రావడం చూసి పాపాతమ్మ, మిగతా ఆడవాళ్లు మళ్లీ అరుగు చుట్టూ చేరారు.

“అన్నా, ఒళ్లు బాగుండాదా?” అంది.

“బాగుండానమ్మా. హరి ఎట్లుండాడు?”

“నన్నడిగితే ఎట్లన్నా? రెండేండ్లు ఆయన పక్కన ఉండింది నువ్వు గదా,” అంది, కోపం లేకుండానే. “బాగుండా, బాగుండా అంటాడు. కాలు చూపించు అంటే ఫోన్ పైకి తిప్పుకుంటాడు. రెండు దినాలుగా ఫోనే ఎత్తలే.”

చేతిలోని కాగితం ముందుకు చాచింది. కాగితం కింది అంచు వేలెడు మేర లోపలికి మడిచి ఉంది.

“హరికి కాలు బాగలేదు, సీటు ముందియ్యండని నేను అర్జీ పెట్టినా. బ్రౌజింగ్ సెంటర్లో యువరాణి పెట్టిచ్చె. దానికి సీట్లిచ్చే ఆఫీసునుంచి జవాబు వచ్చిండాది. ఇంగ్లీషులో ఉండాది. చదివి చెప్పన్నా, అందరూ వింటారు. గురువారం ఒక విమానం ఉండాదంట. లిస్టు ఈ పొద్దు అయిదు గంటలకు మూసేస్తారంట. దాని తర్వాత ఎప్పుడో వాళ్లకే తెలీదంట.”

అంకప్ప కాగితం అందుకున్నాడు. అతనికి ఇంగ్లీషు చదవడం అంతంతమాత్రం. కానీ గల్ఫు కాగితాలు చూసి చూసి, ఏ మాట ఎక్కడుంటుందో పట్టుకోగలడు. అయినా ఈ కాగితానికి చదువు అక్కర్లేదు. జవాబు కింద ఉన్నది తాను సంతకం పెట్టిన ఫారం నకలని చూడగానే తెలిసింది.

“ఏముందయ్యా?” అంది దేవకి.

“ఒప్పుకోలేదు,” అన్నాడు అంకప్ప. “హరి అర్జీ ఒప్పుకోలేదు.”

“ఏంటికంట?”

“జట్టులో ఎవురికీ జబ్బుగానీ దెబ్బగానీ లేదని... జట్టు లీడరు రాసిచ్చినాడంట.”

పాపాతమ్మ భగ్గుమంది. “ఎవురంట ఆ పాపిష్టి లీడరు? మా తంగరాజ్ ఫోన్లో చెప్పె గదా, కాలు అట్ల వాచిపోయిన బిడ్డను పెట్టుకుని ఏం లేదని రాసినాడా? వాని చెయ్యి పడిపోనూ!”

అంకప్ప అనుకున్న శాపం వచ్చింది. పేరు తెలియకుండానే వచ్చి సరిగ్గా తగిలింది.

అతను ఇందుమతి ముఖం చూశాడు. ఆమె కళ్లు మడిచిన అంచు మీదే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. ఆమెకు తెలుసు. యువరాణి ప్రతి మాటా చదివి చెప్పే ఉంటుంది. ఆ మడతలో సంతకం ఉంది. ఈ వీధిలో నోరు తెరిస్తే తెలుగే గానీ, తెలుగు అక్షరం ఎవరికీ రాదు. అందరూ అరవ బడిలో చదివినవాళ్లే. అంకప్ప అయిదో క్లాసు దాకా నేర్చుకున్న అరవ అక్షరాలతోనే సంతకం పెడతాడు. ఇంగ్లీషంతా వదిలేసి ఆ ఒక్క ముక్కను పాపాతమ్మ కూడా చదవగలదు. అందుకే ఇందుమతి దాన్ని లోపలికి మడిచి తెచ్చింది. బయటపెట్టే పని అతనికే విడిచింది.

ఆ మర్యాద అతనికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

ఇంతకీ ఆ రోజు ఏం జరిగిందంటే ఇదీ. పేర్లు రాసుకునే వాలంటీర్ల బల్ల దగ్గరికి అంకప్ప ఎనిమిది మంది పేర్లూ తీసుకుపోయాడు. జట్టు పేర్లు రాసేటప్పుడు మేస్త్రీ పేరు మొదట పెట్టడం అలవాటు. సైటులో హాజరు వేసినా, అన్నదానానికి చందా రాసినా అంతే. చెయ్యి అట్లాగే రాసేసింది. పది రోజుల తరువాత పిలుపు వచ్చింది. ఒక సీటు ఉంది, మొదటి పేరు ఎవరిదో రండి అన్నారు. బల్ల దగ్గర కూర్చున్నది ఒక మలయాళీ పెద్దమనిషి. అరవంలో అడిగాడు. మీ జట్టులో జబ్బుపడినవాళ్లు, దెబ్బ తగిలినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఈ సీటు వాళ్లకు మార్చి ఇస్తాం. లేరంటే ఇక్కడ సంతకం పెట్టండి.

ఆ జూన్ స్లాబు నాడు హరి చిరిగిన గంబూటుతో తడి కాంక్రీటులో ఆరు గంటలు నిలబడ్డాడు. కాలిని సిమెంటు తినేసింది. సిమెంటు తినడం ఈ పనివాళ్లకు జబ్బు కింద లెక్క కాదు. ఎవరి వేళ్లను తినలేదు, ఎవరి మడమను తినలేదు? పసుపు, కొబ్బరినూనె పెట్టి గుడ్డ చుట్టి పనికి పోతారు. ఆస్పత్రికి పోతే కరోనా వార్డులో వేస్తారన్న భయంతో హరి కూడా కదల్లేదు. బల్ల ముందు నిలబడి అంకప్ప తనకు తాను ఇదే చెప్పుకున్నాడు. సిమెంటు తినడం జబ్బా ఏమన్నానా? లేదని సంతకం పెట్టాడు. విమానంలో ఇదే చెప్పుకున్నాడు, హాస్టల్ గదిలో కూడా ఇదే. పద్నాలుగో రోజుకు ఆ మాట తనకే వినబుద్ధి కాలేదు.

ఎందుకంటే సంతకం పెట్టిన రోజు పొద్దున హరి పుండు కడిగింది అతనే. గుడ్డ విప్పితే వాసన వచ్చింది. మడమ పైదాకా వాపు ఉంది. ఒంటికి జ్వరం లేదు, విమానం ఎక్కగలిగేవాడే. కట్టు కట్టి, చేతులు కడుక్కుని, నేరుగా ఆ బల్ల దగ్గరికి పోయాడు.

అంకప్ప మడత విప్పాడు. విప్పి, కాగితాన్ని అరుగు మీద, అందరికీ కనిపించేట్టు పెట్టాడు.

“ఆ లీడరు నేనే,” అన్నాడు.

పాపాతమ్మ వంగి చూసింది. పెదవులు కదిలించి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. మెల్లగా నిటారయింది.

దేవకి వాకిట్లోనుంచి ఒక అడుగు ముందుకు వేసింది. “నువ్వు రాసినావా?”

“రాసినా.”

“హరి కాలు సంగతి నీకు తెలీదా అప్పుడు?”

“తెలుసు.”

“చూసినావా?”

“చూసినా. ఆ పొద్దు నేనే కడిగి కట్టు కట్టినా.”

“కట్టు కట్టి, పోయి, ఏం లేదని రాసిచ్చినావా?”

“రాసిచ్చినా దేవకీ.”

“ఏంటికయ్యా?” ఆ మాట అరుపుగా రాలేదు. నిజంగా తెలియక అడిగినట్టు వచ్చింది.

అంకప్ప దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. వయసు యాభై నాలుగు, ఒంట్లో షుగరు, ఆయాసం. కానీ ఇన్ని కళ్ల ముందు నిలబడితే అవన్నీ చిల్లర మాటల్లా తోచాయి.

“బయమేసింది,” అన్నాడు. “పక్క రూములో వారంలో ఇద్దురు పోయినారు. ముందురోజు నాతో టీ తాగినోడే పోయినాడు. మూట కట్టి తీసుకుపోయినారు. నేను గూడా అట్ల పోతానని బయమేసింది. సీటు అంటానే ఇంకేం కనపడలే. హరి గుర్తుకు రాలేదని చెప్పను. గుర్తుకు వచ్చినాడు. వచ్చినా రాసినా.”

దేవకి మొగుడి వైపు కాకుండా ఆడవాళ్ల వైపు తిరిగింది. “నిచ్చెన పట్టుకునేదానికి వచ్చినాడని నేనే చెప్పినా మీకు. నన్ను నమ్మినారు. ఇంక మీ మొగం ఎట్ల చూసేది నేను?” అంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. లోపలినుంచి ఏడుపు వినపడలేదు. వినపడి ఉంటే అంకప్పకు కొంత నయంగా ఉండేది.

పాపాతమ్మ చాటలోకి చెయ్యి పెట్టి, తంగరాజ్ కాగితాల కవరు వెతికి తీసుకుంది. తిడుతుందేమోనని అతను చూశాడు. ఆమె తిట్టలేదు. కవరు చంకలో పెట్టుకుని పక్కకు జరిగింది. తరువాత ఇంకొకామె. ఆమె వెనకాల మరొకామె. పొద్దున ఎంత భక్తిగా పెట్టారో అంత నిశ్శబ్దంగా తీసుకున్నారు. ముప్పై ఏళ్లు పట్టిన పేరు చాట ఖాళీ అయ్యేలోపల పోయింది. ఇక ఈ వీధిలో తన వెనక పనికి వచ్చే మనిషి లేడని అంకప్పకు తెలిసిపోయింది.

అతని కళ్లు చెమ్మగిల్లాయి. ఇందుమతి అది చూసింది.

“ఏడ్చేది తర్వాత చూసుకోవచ్చన్నా,” అంది. “గంట మూడయ్యె. రాసింది తప్పని రాసినోడే చెప్తే లిస్టులో పేరు మారుస్తారని యువరాణి చెప్పింది. వేరే ఎవురు చెప్పినా వినరంట. దీని మీదనే నంబరుండాది. ఫోన్ చెయ్యి.”

ఆమె అతన్ని తిట్టడానికి రాలేదు. సీటు కోసం వచ్చింది. తిట్టడానికి ఆమెకు అసలు తీరిక లేదు. ఆ మాట తట్టగానే అంకప్పకు ఇంకా సిగ్గేసింది. అయినా ఆ సిగ్గుతోపాటే చేతులకు పని దొరికింది.

పదిసార్లు చేస్తే ఒకసారి కలిసింది. “సొల్లుంగయ్యా,” అని, చెప్పమంటూ ఒక ఆడగొంతు అరవంలో పలికింది. ఇందుమతి చెయ్యి చాచి ఫోను స్పీకరు మీద పెట్టింది. “ఇంక నువ్వు మాట్లాడేది మేమందురూ వినాల,” అంది. అంకప్ప అందరి ముందూ, పరాయి ఆఫీసరమ్మకు, తాను అబద్ధం రాశానని అరవంలో మొదటినుంచి చెప్పుకున్నాడు. తరువాత ఆమె ఏం చేయాలో చెప్పింది. తన చేత్తో అంతా రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి పంపాలి. “తప్పు రాసిచ్చినందుకు మీ మీద విచారణ ఉండొచ్చు. మళ్లీ విదేశం పోవడం మీకు కుదరకపోవచ్చు. తెలిసే చెబుతున్నారా?”

“తెలిసే అమ్మా,” అన్నాడు.

నోటు పుస్తకంలో కాగితం చింపి ఇందుమతి ఇచ్చింది. అంకప్ప అరుగు మీద బాసింపట్టు వేసుకుని, బడిపిల్లాడిలా అక్షరం అక్షరం దిద్దాడు. ఒకచోట ‘కొంచెం దెబ్బ’ అని రాస్తే ఇందుమతి ‘కొంచెం’ కొట్టేయించింది. రాసింది పైకి చదవమంది. చదివాడు.

పంపాక అందరూ కాచుకున్నారు. కవర్లు తీసుకున్న ఆడవాళ్లు కూడా ఇళ్లకు పోలేదు. పాపాతమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. అతని మీద కోపం ఎంతున్నా, హరి సీటు సంగతి తేలకుండా పోవడానికి ఆమెకు కాళ్లు రాలేదు. నాలుగుంబావుకు ఫోను మోగింది. అదే ఆఫీసరమ్మ. హరి పేరు మీద సీటు ఆపి ఉంచామంది. అయిదు లోపల హరి తనే ఫోన్ చేసి, ప్రయాణం చేయగలనని చెప్పాలంది. అంతే చాలంది.

పాపాతమ్మ “అమ్మా తల్లీ!” అని చేతులు జోడించింది. లోపలినుంచి దేవకి గుమ్మంలోకి వచ్చింది. మొగుడి వైపు చూడలేదు, కానీ వచ్చింది. ఇందుమతి ముఖంలో వచ్చినప్పటినుంచి బిగిసి ఉన్నది కొంచెం వదులైంది.

“చెయ్యన్నా,” అంది. “నేను చేస్తే ఎత్తడు. నీదైతే ఎత్తుతాడు.”

అంకప్ప హరి నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. నాలుగు మోతలు మోగాక ఎత్తారు.

“హరీ!” అన్నాడు. “నేనురా, బావను. నా మాట విను, సీటు దొరికింది.”

“మేస్త్రీ అన్నా...” హరి గొంతు కాదు. తంగరాజ్ గొంతు. పాపాతమ్మ ఉలిక్కిపడి లేచింది. “అన్నా, నేనే నీకు చెయ్యాలని చూస్తా ఉండా. హరి రూములో లేడు. పొద్దున ఆంబులెన్సులో తెచ్చినాము. కాలు మోకాలి దాకా నల్లబడిపోయినాదన్నా. ఒళ్లు కాలిపోతా ఉండాది, మాట తెలివిలో లేదు. నేను ఆస్పత్రి బయట ఉండా.”

అంకప్ప ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. “డాక్టరేమన్నాడు?”

“కాలు తియ్యాలంటాడన్నా. ఇప్పుడే. ఆలస్యమైతే విషం పైకెక్కుతాదంట. ఇంట్లోవాళ్ల మాట కావాలంట. తెలివిలో ఉండేటప్పుడు హరి చెప్పె. ఇందుమతికి చెప్పొద్దు, ఓర్చుకోలేదు, మా బావనడుగు, ఆయన ఏం చెప్తే అది చెయ్యండి అన్నాడు.” తంగరాజ్ గొంతు తగ్గించాడు. “అన్నా, ఇంకొకటి. నువ్వు రాసిచ్చిన కాయితం సంగతి హరికి తెలుసు. నువ్వు విమానం ఎక్కిన దినమే తెలిసె. ఊర్లో ఎవురికీ చెప్పొద్దని మా అందురి దగ్గరా ఒట్టు వేయించుకున్నాడు. తెలిసే నీ పేరు చెప్పినాడన్నా. డాక్టరు నా పక్కనే ఉండాడు. ఏం చెప్పేది?”

దేవకి గుమ్మం పట్టుకుని నిలబడింది. అంకప్ప నోరు తెరిచాడు. ఏ మాట చెప్పడానికి తెరిచాడో అతనికే తెలియదు. ఆ మాట బయటికి రాకముందే ఇందుమతి మెట్టెక్కి వచ్చింది. బారెడు దూరం, మాస్కు ఏమీ చూసుకోలేదు. అతని చేతిలోంచి ఫోను తీసుకుంది.

“తంగరాజన్నా, నేను ఇందుని,” అంది. “అంతా విన్నా. ఇంక ఎవుర్నీ అడగొద్దు. హరి పెళ్లాం మాట్లాడతా ఉండాదని చెప్పి, డాక్టరుకియ్యి ఫోను.”